యోబుకు దొరకని జవాబు

ఒక ఏడాది వానాకాలంలో మా ఊళ్లో ఒక పసివాడు జ్వరంతో చనిపోయాడు. పూడ్చిపెట్టి వచ్చిన రాత్రే రెండు మాటలు నా చెవిన పడ్డాయి. ఒక అరుగు మీద ‘ఎవరో చిల్లంగి పెట్టారు’ అన్నారు. ప్రార్థన కూటంలో ‘ఆ ఇంట్లో ఏదో పాపం ఉంది, అందుకే దేవుడు మొర వినలేదు’ అన్నారు. రెండు నమ్మకాలు వేరు. కానీ రెండూ చేసిన పని ఒక్కటే. ‘ఎందుకు పోయాడో మాకు తెలియదు’ అని ఒప్పుకోలేక, ఆ ఖాళీలో ఒక మనిషిని దోషిగా నిలబెట్టాయి. చిల్లంగి అనుమానంతో మన్యంలో ప్రాణాలు పోయిన సంగతి మనకు తెలియనిది కాదు. ఆ చావు తర్వాతే నేను బైబిల్లోని యోబు గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను.

మన సంఘాల్లో యోబు అంటే ఓర్పు. కష్టమొస్తే యోబులా నోరెత్తకుండా భరించమని ప్రసంగాల్లో చెబుతారు. అది మొదటి రెండు అధ్యాయాలు చదివి ఆగిపోయినవాళ్ల మాట. గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. ముందూ చివరా ఉన్న చిన్న కథను పక్కన పెడితే, మిగిలినదంతా దాదాపు కవిత్వమే. ఆ కవిత్వంలో యోబు ఓర్చుకోడు. పుట్టిన రోజును శపిస్తాడు. దేవుడితో వ్యాజ్యానికి దిగినవాడిలా, తన తప్పేమిటో చూపించమని నిలదీస్తాడు.

ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు పరామర్శకు వస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేలమీద మౌనంగా కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు విప్పాక మాత్రం ముగ్గురిదీ ఒకటే పాట: బాధ ఉందంటే పాపం ఉన్నట్టే, ఒప్పుకో.

ఇక్కడే కవి నేర్పు చూడాలి. పరలోకంలో దేవుడికీ సాతానుకూ మధ్య జరిగిన మాటలను కవి పాఠకుడికి ముందే చెప్పేశాడు. యోబు తప్పు చేయలేదని మనకు తెలుసు. స్నేహితులకు తెలియదు. అందుకే వాళ్లు ఎంత ధీమాగా మాట్లాడితే అంత దారి తప్పినట్టు మనకు కనిపిస్తారు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఎంత క్రూరమో కవి ఒక్క నీతివాక్యం లేకుండా చూపించాడు. చివరికి యోబుకు కూడా ఆ పరలోకపు సంగతి ఎవరూ చెప్పరు.

28వ అధ్యాయంలో గనుల వర్ణన వస్తుంది. మనిషి కొండల్ని తొలిచి వెండి, ఇనుము, రత్నాలు బయటికి తీస్తాడు గానీ జ్ఞానం ఉండే చోటు మాత్రం కనుక్కోలేడు. కొండల్ని తవ్వడం చూసిన మనకు ఈ అధ్యాయం అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు. జవాబు చెప్పడు, ప్రశ్నలు వేస్తాడు. భూమి పునాదులు, సముద్రపు హద్దులు, కొండమేకలు ఈనే కాలం, గుడ్లను నేలమీద వదిలేసే నిప్పుకోడి, మనిషే లేని చోట కురిసే వాన. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. పదిమంది బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రికి నిప్పుకోడి గురించి చెప్పడమేమిటి? ఇది బలవంతుడు బలహీనుడి నోరు మూయించడం కాదా?

రెండోసారి చదివాక మరో సంగతి కనిపించింది. తెలియకుండా మాట్లాడావని దేవుడు యోబును గద్దించాడు గానీ, దాచిన పాపం ఉందని ఒక్కసారీ అనలేదు. పైగా చివర్లో, నా గురించి సరిగ్గా మాట్లాడింది యోబే, మీరు కాదు అనే అర్థం వచ్చేలా స్నేహితుల మీద కోప్పడతాడు. తనను సమర్థించిన వాళ్లను తప్పుపట్టి, తనను నిలదీసినవాడి పక్షాన నిలిచాడు. యోబు శాంతించింది కారణం తెలిసి కాదు, తన మొర విన్నవాడు ఎదుటికి వచ్చాడు కాబట్టి. అతని ఆఖరి మాటలో పశ్చాత్తాపమని మనం చదువుకునే హీబ్రూ క్రియకు ఓదార్పు పొందడం అనే అర్థం కూడా ఉంది.

ముగింపు మాత్రం నన్ను తృప్తిపరచలేదు. పశువులు రెట్టింపవుతాయి, మళ్లీ పదిమంది పిల్లలు పుడతారు. కానీ పోయిన పదిమంది తిరిగి రాలేదు. ఆ తల్లి దుఃఖం గురించి గ్రంథం ఏమీ చెప్పదు.

యోబు స్నేహితుల ప్రశ్నే యోహాను సువార్త 9వ అధ్యాయంలో యేసు శిష్యుల నోట మళ్లీ వస్తుంది. పుట్టుగుడ్డివాడిని చూసి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని అడుగుతారు. ఎవరిదీ కాదంటాడు యేసు. ఊరికే అని ఊరుకోడు, చూపు ఇస్తాడు. ఆఖరి దినం ఎప్పుడో కుమారుడికి కూడా తెలియదని ఆయనే చెప్పినట్టు మార్కు సువార్తలో ఉంది. ఆయనే అలా అన్నప్పుడు ‘తెలియదు’ అనడానికి మనకు సిగ్గెందుకు?

అయితే ఒక జాగ్రత్త. తెలుసుకోగలిగినదాన్ని దేవుడి చిత్తం మీదికి నెట్టడం విశ్వాసం కాదు. మలేరియా దోమకాటుతో వస్తుంది, రక్తపరీక్షలో బయటపడుతుంది, దానికి మందు ఉంది. జ్వరం వచ్చిన బిడ్డను మోసుకుని ఆసుపత్రికి వెళ్లాలి, దారి లేకపోతే దారి అడగాలి. యోబులా గట్టిగా అడగాలి. కానీ దోమ సంగతి తెలిసినంత మాత్రాన ‘నా బిడ్డకే ఎందుకు?’ అన్న తల్లికి జవాబు దొరకదు. అక్కడ మన తెలివి ఆగిపోతుంది. విశ్వాసం ఇచ్చే శాంతికి చోటు అక్కడే. ఆ శాంతిని కూడా ఆ తల్లే వెతుక్కోవాలి, మనం ఉపదేశించి ఇవ్వలేం.

ఉపాధ్యాయ మిత్రులు పెద్ద తరగతుల పిల్లలతో ఈ గ్రంథంలోని 3వ, 38వ అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. ఏ నమ్మకం ఉన్నవాళ్లయినా సాహిత్యంగా చదవదగినవి. యువకులకు చెప్పేది ఒక్కటే. ఈసారి ఊళ్లో చావు జరిగితే, కారణం చెప్పడానికి కాదు, ఆ ఏడు రోజుల్లాగా నేలమీద కూర్చోవడానికి వెళ్లండి.