మ అక్షరం, మూరెడు దారం

వేసవి సెలవుల్లో కరెంటు పోయిన మధ్యాహ్నాలు పిల్లలు ఆడుకునే ఆట ఒకటుంది. ఒక అక్షరం అనుకుని, దాంతో మొదలయ్యే పూల పేర్లు వంతులవారీగా చెప్పాలి. 'చ' వస్తే చేమంతి, చంద్రకాంత, చంపకం దగ్గర నోళ్ళు మూతపడతాయి. 'మ' వస్తే మాత్రం ఆట ఓ పట్టాన తెమలదు. మల్లె, మొల్ల, మందారం, మొగలి, మంకెన, మోదుగ, మాలతి, మాధవి, మెట్టతామర, ముళ్ళగోరింట అంటూ సాగుతూనే ఉంటుంది. చివరికి ఎవరో ముద్దబంతి అంటారు. అది 'బ' కిందకి పోవాలని ఇంకొకరు అడ్డం తిరుగుతారు. మరువం ఆకు కదా, పువ్వెలా అవుతుందని మరో తగువు. తీర్పు చెప్పేది అరుగు మీద పూలు కట్టుకుంటున్న పెద్దావిడ. "దండలో వేస్తున్నాం కదే, అయితే పువ్వే!" అని కొట్టిపారేస్తుంది.

వృక్షశాస్త్రం ఒప్పుకోకపోయినా ఆ తీర్పులో పస ఉంది. దారం దగ్గరకొచ్చాక పూలన్నీ ఒకటి కావు. ఏది ముడికి ఆగుతుంది, ఏది సూదికి ఆగుతుంది, ఏది రెండింటికీ లొంగదు, ఏది ఏ వేళకి విచ్చుతుంది అన్నది తెలిస్తేనే పూలు కట్టడం వచ్చినట్టు. గుడ్లవల్లేరు, గుడివాడ, బందరు, దివిసీమ ఊళ్ళలో ఈ విద్య లేని ఇల్లు ఒకప్పుడు లేదు. ఉందని గొప్పగా చెప్పుకున్న ఇల్లూ లేదు.

గుడ్లవల్లేరు గుడివాడ నుంచి మచిలీపట్నం పోయే రైలుదారిలో ఉంది. చుట్టూ కృష్ణ కాలవలు, నల్ల బంకమన్ను, వరిచేలు, ఈమధ్య వాటి పక్కనే చేపల చెరువులు. వరికి ఇంతకంటే మంచి నేల లేదు గానీ మల్లెకి పడదు. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే ఆ మొక్క కుళ్ళిపోతుంది. అందుకే ఇక్కడ మల్లె ఇంటి మొక్కగానే మిగిలింది. నూతి చప్టా పక్కన మెరక చేసిన పాదులోనో, మెట్ల కింద ఎత్తు కుండీలోనో ఒకటో రెండో పొదలు ఉంటాయి. తోటగా వేసింది చూడాలంటే మైలవరం వైపు మెట్టకి పోవాలి.

మల్లెకట్టు మొదలయ్యేది కత్తెరతో. చలికాలంలో, డిసెంబరు జనవరి నెలల్లో, నీళ్ళు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తారు. మల్లె కొత్త చిగురు చివరే మొగ్గ వేస్తుంది. పాతకొమ్మని చూసి జాలిపడితే ఆ ఏడు ఆకులే దక్కుతాయి. మార్చికి తొలిమొగ్గ కనబడుతుంది. ఇక మొగ్గ కోయడం. ఆకుపచ్చ ఛాయ ఉన్నది సాయంత్రానికి విచ్చుకోకుండా అలాగే వాడిపోతుంది. అప్పటికే పెదవి విప్పినది రాత్రికి రేకులు రాలుస్తుంది. కావలసింది ఆ రెండింటికీ మధ్యది: నిండుగా ఉబ్బి, పాలలా తెల్లబడి, కొన ఇంకా బిగువుగా మూసుకున్న మొగ్గ. దాన్ని తొడిమతో సహా ఎండ ఎక్కకముందే తుంచాలి. తొడిమ పొట్టిగా తెగితే ముడి పట్టదు. కోశాక తడిగుడ్డలో పెడితే మధ్యాహ్నం కట్టుకు సిద్ధం.

కట్టు ఇలా ఉంటుంది. దారం ఒక కొస ఎడమచేతి వేళ్ళ మధ్య నిలుస్తుంది, కొందరు కాలి బొటనవేలికి తగిలిస్తారు. రెండు మొగ్గలు తలలు ఇటు, రెండు మొగ్గలు తలలు అటు పెట్టి, కాడలు మధ్యలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా పట్టుకోవాలి. దారం ఆ కాడల చుట్టూ ఒకసారి తిరుగుతుంది. తర్వాత కుడిచేతి వేళ్ళ మీద మెలితిప్పిన ఉచ్చు కాడల మీద పడుతుంది, లాగితే ముడి. మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. చేయి తిరిగినవాళ్ళు చూపు దారం మీద పెట్టరు, పక్కింటి కబుర్ల మీద పెడతారు. నేర్చుకునే పిల్ల చేతిలో మాత్రం ముడి బిగిస్తే కాడ తెగుతుంది, వదులు చేస్తే రెండు మొగ్గలు జారి ఒళ్ళో పడతాయి.

అసలు మెళకువ ఎడంలో ఉంది. మధ్యాహ్నం చేతిలో ఉన్నది మొగ్గ, రాత్రి జడలో ఉండబోయేది పువ్వు. ఆ పువ్వు ఎంత చోటు తీసుకుంటుందో ముందే లెక్కగట్టి ముడికీ ముడికీ మధ్య అంత వదలాలి. మొగ్గలకి సరిపడా ఒత్తుగా కడితే సాయంత్రం ఒకదాన్నొకటి తోసుకుని దండ మెలికలు పడుతుంది. మరీ ఎడంగా కడితే పువ్వు విచ్చినా దారం కనబడుతూనే ఉంటుంది. అమ్మేవాళ్ళలో కొందరు కావాలనే దూరం దూరంగా కడతారు. మూర అంటే మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా. చెయ్యి ఎవరిదైతే కొలత వారిది. అందుకే మా వైపు కొనేవాళ్ళు మూర పొడుగు కంటే ముందు కట్టు ఒత్తు చూస్తారు. "కాస్త కొసరు వెయ్యమ్మా" అన్నది అటు తర్వాతి మాట.

దారానికి బదులు అరటినార వాడే అలవాటు ఈ డెల్టాలో బాగా ఉండేది. అరటిబోదె పొరల్ని తీసి, ఎండబెట్టి, నీళ్ళలో తడిపి, గోటితో సన్నగా చీల్చుకుంటారు. నార తడిని పట్టుకుని ఉంటుంది, కాడని కోయదు, ముడి జారదు. నైలాన్ దారం ఈ మూడింటికీ పనికిరాదు గానీ అంగట్లో దొరికేది అదే.

మొల్ల గురించి ఎక్కువ చెప్పను. మల్లె లేని చలికాలంలో పూసే సన్నపువ్వు, కట్టు మల్లె కట్టే, కాడ ఇంకాస్త నాజూకు. రామాయణం రాసిన కవయిత్రి పేరు కూడా ఇదే కాబట్టి చూడనివాళ్ళకీ మాట తెలుసు.

మొగలి దగ్గర విద్య మొత్తం మారిపోతుంది. కాలవగట్ల మీదా సముద్రం వైపు ఇసక నేలల్లోనూ పెరిగే ఈ పొదలో ఆడచెట్టు, మగచెట్టు వేరు. వాసన మగచెట్టు పూసే పొత్తిదే. ఆకు అంచులనిండా, అడుగున ఈనె పొడవునా ముళ్ళు. పొదలో పాములుంటాయన్న భయం సరేసరి. కోసి తెచ్చాక పైరేకులు తీసేసి, లోపలి లేతపసుపు రేకుల్ని కత్తితో రెండు అంచులూ చెక్కి ముళ్ళు పోగొడతారు. అప్పుడు రేకు రిబ్బనులా చేతికి వస్తుంది. దాన్ని ముక్కలుగా కోసి, ముక్కోణంగా మడిచి, ఒకదాని కింద ఒకటి దూర్చి జడ పొడుగునా కుడతారు. దారం ఇక్కడ ముడి వెయ్యదు, మడతని పట్టి ఉంచుతుందంతే. మిగిలిన రేకులు ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్యకి పోతాయి. శివపూజకి పనికిరాదని పురాణం శపించిన పువ్వుకి చీరల పెట్టెలో ఈ మర్యాద దక్కడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మందారానిది వేరే తీరు. ఒక్కపూట పువ్వు. ముద్దమందారమైనా రేకమందారమైనా ముడికి నలిగి జిగురు కారుస్తుంది. కట్టడం మానేసి విడిగా దేవుడి పటానికి పెడతారు, లేదా జడలో ఒక్కటే తురుముతారు. మంకెన ఇంకా మొండిది. వరిచేల తడినేలలో మొలిచే ఈ ఎర్రపువ్వు మిట్టమధ్యాహ్నం విచ్చి, తెల్లారేసరికి రాలిపోతుంది. కవులు పెదవుల్ని పోల్చడానికి వాడుకున్నంతగా ఆడవాళ్ళు దాన్ని జడలో వాడుకోలేదు. కలుపుమందులు వచ్చాక దాన్ని గట్టు మీద వెతికి చూపించడమే ఒక పని.

ముద్దబంతికి ముడితో పని లేదు. తొడిమ పీకి, కింద గుబురులోకి సూది దింపి గుచ్చుతారు. గుమ్మానికి తోరణం, ఎడ్లకి దండ, సంక్రాంతికి గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు పక్కన చోటు. మెక్సికోలో పుట్టి యూరోపియన్ల ఓడల్లో మన దేశం చేరిన మొక్క అంటే ఇప్పుడెవరూ నమ్మరు, అంతగా మనదైపోయింది. మరువం సంగతికొస్తే, అది లేని కదంబం లేదు. మల్లెకి చోటిచ్చి, కనకాంబరానికి లేని వాసన తాను తెచ్చి, పూలన్నీ వాడాక కూడా రెండు రోజులు గుబాళించే రెమ్మ అది. నాలుగు ముళ్ళకొకసారి ఒక కొస వేస్తే చాలు, ఎక్కువేస్తే మల్లెని మింగేస్తుంది.

వీటన్నిటినీ ఒక్కచోటికి తెచ్చేది పూలజడ. అరటిదొప్పనో దళసరి అట్టనో జడ పొడుగుకి కత్తిరించి, సూదికి గుచ్చిన మొగ్గల వరసల్ని అడ్డంగా పరిచి వెనక నుంచి కుట్టుకుంటూ వస్తారు. అంచులకి కనకాంబరం, నడుమ మరువం, పైన చిలకలపూడి కవరింగు జడబిళ్ళలు, కొసన కుచ్చులు. దండకి మల్లెమొగ్గ సాయంత్రం విచ్చుకోవాలి, జడకి విచ్చుకోకూడదు. కాబట్టి దీనికి ఒక రోజు లేతమొగ్గ ఏరాలి. కుట్టినంతసేపూ తడి ఆరకుండా చూడాలి. వేసవిలో పదేళ్ళ పిల్లకి ఇలా జడ వేసి, వెనక అద్దం పెట్టి స్టూడియోలో ఫొటో తీయించని కుటుంబం మా వైపు తక్కువ. పామర్రు దాటితే కూచిపూడి. అక్కడ భామాకలాపంలో సత్యభామ తన జడని తెర మీద నుంచి వేసి పండితులకి సవాలు విసిరే సంప్రదాయం ఉండేది. జడకి అంత పౌరుషం కట్టబెట్టిన సీమలో జడ కుట్టేవాళ్ళకి పేరు లేకపోవడం చిత్రం.

గుడ్లవల్లేరు తర్వాత కాసేపటికే రైలు పెడన చేరుతుంది. అక్కడ చెక్క అచ్చులతో బట్ట మీద అద్దే పూలు మచిలీపట్నం కలంకారీ పేరుతో భౌగోళిక గుర్తింపు పొందాయి. 2013లో మదురై మల్లెకీ ఆ గుర్తింపు వచ్చింది. అంటే బట్ట మీది పువ్వుకి ఉంది, తోటలోని పువ్వుకి ఉంది, దారం మీది పువ్వుకి లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆడవాళ్ళు ఇంట్లో తీరిక వేళ చేసే పనిని మనం పని కింద రాసుకోం. అదే చేతులు పూలకొట్టు వాడికి కట్టిపెడితే మూరల లెక్కన కూలి. విడిమొగ్గల ధరకీ కట్టిన మూర ధరకీ ఉన్న తేడాలో ఆ కూలి, కొట్టువాడి లాభం కలిసిపోయి ఉంటాయి. ఏది ఎంతో కొనేవాళ్ళకి తెలియదు.

ఇంకో కారణమూ ఉంది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో శతాబ్దాలు దాటినా రంగు చెదరక ఉన్నాయి. పూలజడ మర్నాటికి నల్లబడుతుంది, దొప్పతో సహా పెరట్లోకి పోతుంది. మిగిలేది ఆ స్టూడియో ఫొటో ఒక్కటే. దాన్ని పట్టుకుని జడ కుట్టడం నేర్చుకుందామంటే కుదరదు. అద్దం చూపించేది మొగ్గల వరసల్ని. సూది ఎక్కడ దిగింది, దారం ఎంత వదులు పెట్టారు, వరసకీ వరసకీ మధ్య అరటిదొప్ప ఎక్కడ చీరారు అన్నదంతా జడ అడుగున ఉంది. అది వీపుకి ఆని ఉండే వైపు, ఏ ఫొటోగ్రాఫరూ తీయలేదు.