వైపర్ మోటారు చదువు

రోబోటిక్స్‌లోకి వెళ్లాలంటే ఇంజనీరింగులో ఏ బ్రాంచి తీసుకోవాలని అడిగే తల్లిదండ్రులకు నేను రాజ్‌రెడ్డి గారి సంగతి చెబుతుంటాను. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఆయన 1958లో మద్రాసు గిండీ కాలేజీలో పుచ్చుకున్నది సివిల్ పట్టా. 1979లో అమెరికాలో కార్నెగీ మెలన్ వాళ్లు రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆయనే. అంతా విని తలూపుతారు. "అయినా, మెకానికలా ఎలక్ట్రానిక్సా?" అని మళ్లీ మొదటికొస్తారు.

భిలాయి సెక్టర్ 6లో మా పక్క క్వార్టరు కుర్రాడికి మెకానికల్ వచ్చింది, చేరాడు. తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికొచ్చినవాడు, తండ్రి పని బ్లాస్ట్ ఫర్నేస్ అనే ఇనుప కొలిమి దగ్గర. వీడి ధ్యాస మాత్రం చవితి, దసరా పందిళ్లలో కదిలే బొమ్మల మీద. మహిషాసురుడి చెయ్యి కత్తితో సహా లేవాలి, దిగాలి. ఆ పని చేసేది కబాడీవాడి దగ్గర కొన్న పాత కారు వైపర్ మోటారు. 12 వోల్టులు చాలు. లోపల మర చుట్లున్న ఇరుసు ఒకటి పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఇరుసు చక్రాన్ని తిప్పుతుంది గాని, చక్రం వెనక్కి ఇరుసును తిప్పలేదు. అందుకే కరెంటు పోయినా అసురుడి చెయ్యి ఎక్కడిదక్కడే ఆగుతుంది. మామూలు గేర్ల మోటారు పెట్టి చూడండి, కత్తి భక్తుల నెత్తిన పడుతుంది. క్లాసులో వర్మ్ గేరు, సెల్ఫ్ లాకింగ్ అన్న పాఠం వచ్చేసరికి వీడికి అది పాత చుట్టం.

కాలేజీ క్లబ్బులో నల్లగీత పట్టుకుని నడిచే బండి చేశాడు. మొదట్లో అది తాగినవాడిలా ఊగేది. గీత తప్పినంత మేర చక్రం తిప్పితే సరిపోదు, తప్పు పెరుగుతోందో తగ్గుతోందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. సరైన అంకెలు దొరకడానికి రాత్రుళ్లు పట్టాయి. క్లబ్బులిచ్చే సర్టిఫికెట్ల మీద నాకు గురి లేదు గాని, ఆ రాత్రుళ్ల మీద ఉంది.

ఇక తండ్రి పనిచేసే ప్లాంటు సంగతి. ఇక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. మరో రెండేళ్లకు, 1961లో, అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ కార్ఖానాలో యూనిమేట్ అనే తొలి పారిశ్రామిక రోబో పనిలోకి దిగింది. దాని పని కూడా వేడి లోహంతోనే: అచ్చులోంచి వచ్చిన కాలే భాగాలను అందుకోవడం.

తండ్రి నడిపేది మడ్ గన్. కరిగిన ఇనుము పారాక కొలిమి రంధ్రంలోకి బంకమట్టి ముద్దను కూరి మూసే యంత్రం. "అది రోబో కాదు నాన్నా. చూసేది నువ్వు, అది తోస్తుందంతే" అన్నాడు కొడుకు. తండ్రికి కోపం రాలేదు. లోపలి గాలి తన్నుకొస్తే ధార చెదిరి నిప్పురవ్వలు చిమ్ముతుందని, మూసే వేళ అదేనని కాగితం మీద గీసి చూపించాడు. కెమెరాతో పట్టొచ్చన్నాడు కొడుకు.

"చెదిరే ముందే నీకు తెలుస్తుందా?"

"తెలిసిపోద్ది."

"ఎన్ని సెకన్ల ముందు?"

ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదట. ఈ వారం నైట్ షిఫ్టు, లెక్కపెట్టి చెప్తానన్నాడు.