విమోచనక్రమము

లినక్సు కెర్నెల్‌కు డ్రైవరు వ్రాసినవారి పనితనమును ఎంచవలసివచ్చినప్పుడు, పరికరము చక్కగా నడచు భాగమును పిదపకు విడిచి, ఫంక్షను అడుగున పేర్చిన విమోచనవాక్యములను మొదట చదువుట నా అలవాటు. ఏలయన, సామాన్యమైన ప్రోగ్రాము తాను పొందిన మెమొరీని మరచి విడువకపోయినను, అది ముగిసినంతనే కెర్నెల్ సర్వమును వెనుకకు తీసికొనును. కెర్నెల్ తానే మరచినచో దానిని సవరించుటకు దానిపై మరొక అధికారి లేడు. అక్కడ లీకైన జాగా రీబూట్ చేయువరకు లీకైనదే.

కెర్నెల్‌లో మెమొరీని కేటాయించు కెమాలాక్ ఫంక్షను, జాగా దొరకనప్పుడు నల్‌ను ఇచ్చును. దానిని పరీక్షించి దోషసంకేతముతో మరలుట నిన్న చేరిన విద్యార్థికిని తెలియును. కాని బఫరును పొంది, ఇంటరప్టును నమోదుచేసి, మూడవ మెట్టున విఫలుడైనవాడు ఆ రెంటిని విలోమక్రమమున విడిపింపవలయును. పందిరి విప్పువాడు ఆకు దింపక గుంజ పెరుకునా? బఫరును ముందు విడిచినచో, ఇంకను సజీవమైయున్న ఇంటరప్టు హ్యాండ్లరు పరాధీనమైన జాగాను తాకును. ఇందులకై కెర్నెల్ రచయితలు, 1968లో డైక్‌స్ట్రా గర్హించిన గోటూనే ఆశ్రయించి, మెట్టునకొక లేబులు నిలిపి, పైనుండి క్రిందికి ఒక్కొక్కటే విడిపించుచు వత్తురు.

విచిత్రమేమనగా, ఈ వైఫల్యపు దారి నిత్యవ్యవహారమున దాదాపు నిర్మానుష్యము. 8 పేజీలు, అనగా 4 కిలోబైట్ల పేజీలున్నచోట 32 కిలోబైట్లు, మించని సాధారణాభ్యర్థనను కెర్నెల్ కాదనుట మిక్కిలి అరుదు. కొరత ముదిరినచో ఏదియో ప్రాసెస్‌ను చంపియైనను తీర్పజూచును. కనుక తప్పు లేబులునకు మరలిన గోటూ ఏండ్లతరబడి ఎవరికిని పట్టుబడక నిద్రించును. ఫెయిల్‌స్లాబ్ అను సాధనము బుద్ధిపూర్వకముగా కేటాయింపులను విఫలము చేయుటయు, 2009లో చేరిన కెమెమ్‌లీక్ ఏ పాయింటరుచేతను సూచింపబడని జాగాలను వెదకుటయు ఇందులకే.

పొందినదానిని తామే విడిపించు డెవెమ్ ఫంక్షన్లును, 2023లో ప్రవేశించిన క్లీనప్ మాక్రోలును ఈ శ్రమను చాల తగ్గించినవి. వానిని నేను మెచ్చుదును. అయినను డెవెమ్‌తో పొందిన జాగా పరికరమునుండి డ్రైవరు విడిపోగానే విడుదలయగును. ఆ పరికరపు ఫైలును తెరచియుంచిన ప్రోగ్రాము అప్పటికిని బ్రతికియుండి, ఆ విడుదలైన జాగాను తాకవచ్చును. ఏ వస్తువు ఎవరి ఆయువునకు కట్టుబడవలయునో ఏ మాక్రోయు నిర్ణయింపజాలదు. అది రచయిత మొదటి కేటాయింపు వ్రాయకమునుపే తేల్చుకొనవలసిన విషయము.