తామరతూటి దారం

నేతగాళ్లయిన పద్మశాలీల కథాపటంలో వాళ్ల మూలపురుషుడు భావనారుషి పులినెక్కి వస్తాడు. ఒంటి నిండా నగలు, మెలితిప్పిన మీసం, పక్కకు తిరిగిన మొహంలో చెంపను సగం ఆక్రమించిన కన్ను. పులికి కోపమన్నదే లేదు. చారలన్నీ ఓపిగ్గా దిద్దించుకుని, సంక్రాంతికి ముస్తాబైన గంగిరెద్దులా ఠీవిగా అడుగేస్తుంది. వెనకంతా ఎరుపే. ఆకాశం లేదు, కొండల వరస లేదు, నీడ లేదు. ఈ పటాలు రాసే చేర్యాల నకాషీలు వెలుగునీడలతో లోతు పుట్టించే జోలికే పోరు. అందుకే పటంలో ఎవరూ దూరంగా ఉండరు. దేవుడూ రాక్షసుడూ చెట్టూ మనకు అంతే దగ్గర.

కథ చిన్నదే. మృకండుడి కొడుకు మార్కండేయుడు. ఆయన చేసిన యజ్ఞంలో పుట్టినవాడు భావనారుషి. దేవతలకు కట్టుకోవడానికి బట్టల్లేకపోతే విష్ణువు బొడ్డులోంచి లేచిన తామర తూటిని దారంగా తీసి నేశాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు, కాలవాసురుణ్ణి గెలిచాడు. తూచి చెబితే పది నిమిషాలు చాలు. పద్మశాలీలకు ఈ కథ చెప్పే కూనపులివాళ్లు మాత్రం పటం విప్పి, పుల్లతో ఒక్కో బొమ్మ చూపిస్తూ, పాటా మాటా కలిపి రాత్రుల తరబడి సాగదీస్తారు. ఆ సాగదీతలోనే రసం ఉంది. వినేవాడు నేతగాడు. పగలంతా పడుగు పేకలతో కుస్తీ పట్టి వచ్చినవాడు. తన చేతిలో ఆడే దారం ఒకప్పుడు విష్ణువు పొట్టలోంచి వచ్చిందని వింటూ కూర్చుంటాడు. తెగిన పోగుల్ని అతికే పనికి అంతకంటే పెద్ద పుట్టుక ఎవరివ్వగలరు?

వృత్తి మూలం వెతకాలంటే చరిత్రకారుడు శాసనాలూ సుంకాల లెక్కలూ తిరగేస్తాడు. అది అవసరమే. పటం మాత్రం ఆ పని చేయదు, చేసినట్టు నటించదు కూడా. నన్ను లోబరుచుకునేది మరొకటి: ఆది పురుషుల కాలం వేరు, మన కాలం వేరు అనే గీత ఈ బొమ్మల్లో ఎక్కడా లేదు. ఆడవాళ్ల చీరకట్టు, రవిక, కాళ్ల కడియాలు, మగవాళ్ల ధోవతి, ఇళ్లు, పెళ్లి తంతు అన్నీ తెలంగాణ పల్లెవే. దేవలోకంలో జరిగే పెళ్లి పక్క వాడలో జరుగుతున్నట్టే ఉంటుంది. మూలపురుషుణ్ణి ఎక్కడో మబ్బుల్లో కూర్చోబెట్టి దణ్ణం పెట్టించుకునే కళ కాదిది. అతన్ని మన అరుగు మీదికి పిలుచుకొస్తుంది.

ఇక ఆ ఎరుపు సంగతి. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతల మీద పూతలు పట్టించి ఆరబెడతారు. గుడ్డ గుడ్డలా ఉండదు, గోడలా గట్టిపడుతుంది, అయినా చుట్టగా చుడితే చుట్టుకుంటుంది. ఉడత వెంట్రుకల కుంచెతో నేరుగా గీత పడుతుంది. చుట్టూ ఇంగిలీకపు ఎరుపు నిండుతుంది. ఆఖర్న దీపపు మసి నలుపుతో గీతలు తేలతాయి. ఎరుపు ఇక్కడ వెనక రంగు కాదు, కథ పుట్టే నేల. దాని మీద నీలి దేవుడు, పసుపుపచ్చ దేవత, ముదురు రంగు రాక్షసుడు కనబడగానే ఎవరెవరో చెప్పనక్కర్లేదు. పటంలో బొమ్మల గదికీ గదికీ నడుమ పూలతీగ అంచు. ఒక గదిలో పుట్టినవాడు కింది గదిలో పెళ్లికొడుకు, ఇంకా కిందికి వస్తే యుద్ధంలో ఉంటాడు. కాలం పైనుంచి కిందికి జారుతుంది, మూరల కొద్దీ.

ఒక్కో కులానికి ఒక్కో పటం, దాన్ని చెప్పుకుని బతికే ఒక్కో ఆశ్రిత కులం. గౌడులకు ఏనూటివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. గొల్లల కాటమరాజు కథను మందహెచ్చులు బొమ్మలు పెట్టి చెబుతారు. ఎవరి వంశం గొప్పదో పాడేవాడు ఆ వంశం కంటే ఒక మెట్టు కింద నిలబడి, వాళ్ల దగ్గరే చేయి చాచాలి. వంశగౌరవం మొత్తం అతని గొంతులో దాగి ఉంటుంది, అతనికి మాత్రం పళ్లెంలో పెట్టింది దొరుకుతుంది. ఈ ఏర్పాటు అందం వెనక ఉన్న చేదు. దాన్ని మింగి పటాన్ని మెచ్చుకోలేం.

మాదిగలకు డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణంలో ఆ చేదుకు ఎదురుదెబ్బ ఉంది. భూమి ఇంకా రూపు కట్టకముందే మాదిగల మూలపురుషుడు ఆదిజాంబవుడు ఉన్నాడు. ముందు పుట్టినవాడే పెద్దవాడైతే, ఊరి చివర గుడిసెలో ఉన్నవాడి వంశమే అందరికంటే పెద్దది. మెట్లన్నీ తిరగేసి చెప్పే ఈ మాటకు డక్కలివాళ్ల పాటే సాక్ష్యం, నకాషీ బొమ్మే రుజువు. వేరే కాగితం ఏదీ దీన్ని ఒప్పుకోలేదు కాబట్టే బొమ్మ అంత ధాటిగా నిలబడిందనిపిస్తుంది.

పటం పాతబడితే కొత్తది రాయించుకుని, పాతదానికి పూజ చేసి నీళ్లలో కలపడం ఆచారం. అంటే నేడు అద్దాల వెనక కనిపించే ప్రతి పాత పటం ఏదో కారణాన ఏటిపాలు కాకుండా మిగిలిందే. హైదరాబాదులో జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో ఉన్న 1625 నాటి పటం అలాంటిది. తేదీ తెలిసిన వాటిలో అదే పాతదంటారు. అందులోనూ భావనారుషి కథే. ఈ పటాల్లోని పక్క మొహాలూ కొనదేలిన ముక్కులూ చూస్తుంటే లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలు గుర్తొస్తాయి. గుడి కప్పుకు అంటుకుపోయిన గీత ఇక్కడ చుట్ట చుట్టుకుని భుజానికెక్కి ఊరూరా తిరిగింది.

చేర్యాలలో ఇప్పుడు పటాలు రాసే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. గోడకు తగిలించే చిన్న ఫ్రేముల్లో బోనాలు, బతుకమ్మ, నాగలి దున్నే రైతు ఎక్కువగా అమ్ముడవుతాయి. రంగు అదే, కన్ను అదే, చేయి కూడా అదే. కొనేవాళ్లను తప్పుపట్టను, ఆ అమ్మకాల మీదే కుంచె బతుకుతోంది. కానీ ఒక్క గది కోసి ఇంటికి తీసుకెళ్లినవాళ్లకు భావనారుషి పులినెక్కి ఎటు వెళ్తున్నాడో తెలియదు. అది కింది గదిలో ఉంది.