కోపం వెనక నొప్పిని చూసేవాళ్ళు

బెంగళూరులోని కుందలహళ్ళి అపార్ట్‌మెంట్లలో తెలుగిళ్ళకు కొదవలేదు, ఆ ఇళ్ళలో కుక్కలకూ పిల్లులకూ కొదవలేదు. అందరూ ఆఫీసులకు వెళ్ళాక ఒంటరి కుక్క తలుపు గీరుతుంది, అదేపనిగా అరుస్తుంది. "దీనికి పొగరెక్కింది" అనేస్తాం. మంచి పశువైద్యులు ఆ మాట అనరు. ముందు ఒళ్ళు చూస్తారు. చెవి మడత ఎత్తి వాసన చూస్తారు, పెదవి పైకి లేపి చిగుళ్ళు చూస్తారు, తుంటి కీలును మెల్లగా వంచుతారు. తల నిమరబోతే కరిచిన కుక్కకు చెవిలో చీము ఉండొచ్చు. పక్క తడిపే పిల్లికి మూత్రాశయం వాచి ఉండొచ్చు.

ఒంట్లో ఏమీ లేదని తేలాకే మనసు సంగతి. ఎప్పుడు, ఎవరి ముందు, ఎంతసేపు అని ఓపిగ్గా అడుగుతారు, ఇంట్లో తీసిన వీడియో చూస్తారు. ఒంటరిగా ఉండలేని కుక్కల ఆందోళనకు అమెరికాలో క్లోమిప్రమైన్ అనే మందును 1998లో, ఫ్లూఆక్సెటిన్‌ను 2007లో అనుమతించారు. అయితే మాత్ర ఒక్కటే చాలదు. రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు అంటూ మనం లేకుండా ఉండటం దానికి అలవాటు చేయాలి. కొట్టడం మాత్రం వద్దంటారు, భయం పెరిగితే కాటూ పెరుగుతుంది కనుక.

నోరులేని జీవి తరఫున మాట్లాడే ఈ వైద్యుల వల్లే ఎన్నో కుక్కలు వీధిపాలు కాకుండా ఇంటిపట్టున ఉంటున్నాయి. వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.