ఎంత తీయాలి, ఎక్కడ ఆగాలి

ఆల్పాకా అనే మాట మనకు మరీ కొత్తదేం కాదు. తెల్లవాళ్ల కాలంలో ప్లీడర్లూ గుమాస్తాలూ కచేరీకి వేసుకెళ్లిన నల్లకోటు చాలాసార్లు ఆల్పాకా కోటే. ఆ గుడ్డకు గిరాకీ తెచ్చిపెట్టినవాడు ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ మిల్లు యజమాని టైటస్ సాల్ట్. 1836లో లివర్‌పూల్ గిడ్డంగిలో ఎవరికీ అక్కర్లేక పడి ఉన్న ఆల్పాకా ఉన్ని మూటలు అతని కంటపడ్డాయి. నూలు పడుగులో ఆ ఉన్నిని పేకగా నేయిస్తే పట్టులా మెరిసే గుడ్డ వచ్చింది. దాని మీద గడించిన డబ్బుతో సాల్టెయిర్ అని తన పేరు మీద ఏకంగా ఓ ఊరే కట్టించాడు. ఆ ఉన్ని ఇచ్చే జంతువు మాత్రం చాలాకాలం పెరూ, బొలీవియా కొండల మీదే, సముద్రమట్టానికి నాలుగువేల మీటర్ల ఎత్తున మేస్తూ ఉండిపోయింది. 1980ల తర్వాతే అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో మందలు పెరిగాయి. మందలతోపాటు సంఘాలు, సంఘాలతోపాటు పోటీలు వచ్చాయి.

ఈ పోటీల్లో ఒక రకం నన్ను బాగా ఆకట్టుకుంది. అందులో జంతువు కనిపించదు. దాని ఒంటి మీది నుంచి తీసిన ఉన్ని మాత్రం ఓ ప్లాస్టిక్ సంచిలో, అంకె వేసిన చీటీతో వస్తుంది. అది ఎవరి మందదో, ఏ పేరున్న పోతుకు పుట్టినదో జడ్జికి తెలియదు. సంచి విప్పి బల్ల మీద పరుస్తారు, నూటికి మార్కులు వేస్తారు. సన్నదనం, చేతికి తగిలే మెత్తదనం, అంతటా ఒకే తీరుగా ఉండటం, పాయ పొడవు, మెరుపు, ముతక వెంట్రుకలు లేకపోవడం, శుభ్రత, చివరికి బరువు. వీటిలో చాలావరకు జంతువు పుట్టుకతో తెచ్చుకున్నవే. మనిషి చేతిలో ఉన్నది తక్కువ. ఆ తక్కువలోనే ఎంత పనితనం ఇమిడి ఉందో చూస్తే ముచ్చటేస్తుంది.

ముందు నిషేధాలు చెప్పుకోవాలి. ఉన్నిని కడగకూడదు. దువ్వకూడదు. నూనె, షాంపూ, మెరుపు తెచ్చే మందు ఏదీ తగలకూడదు. అంటే పోటీకి సిద్ధం చేసే మనిషి దానికి ఏమీ చేర్చలేడు. చేయగలిగిందల్లా తీసేయడమే. తీసేసిన ప్రతి పిడికెడుకూ బరువు తగ్గుతుంది, బరువుకు మార్కులున్నాయి. తీయకుండా వదిలేస్తే ముతక మిగిలి, ఒకే తీరుగా ఉండటానికి ఇచ్చే మార్కులు పోతాయి. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో తెలిసిన చేతికే పోటీ.

ఆల్పాకాల్లో రెండు రకాలు. ఎక్కువగా కనిపించేవి వకాయాలు. వాటి ఉన్ని గుబురుగా, ఒత్తుగా పైకి లేచి ఉంటుంది. ఒక పాయ తీసి చూస్తే మొదలు నుంచి కొస దాకా చిన్న చిన్న అలలు వరుసగా కనిపిస్తాయి. ఆ అలలనే క్రింప్ అంటారు. రెండోవి సూరీలు. వాటికి అలలుండవు. ఉన్ని సన్నటి జడపాయల్లా మెలితిరిగి ఒంటికి ఇరువైపులా వేలాడుతుంది, మెరుపు ఎక్కువ. సన్నదనాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. పెరూ ప్రమాణాల ప్రకారం 23 మైక్రాన్లకు మించనిది ‘బేబీ’ ఆల్పాకా. అది పిల్లదై ఉండక్కర్లేదు, సన్నగా ఉంటే ముసలిదాని ఉన్ని అయినా బేబీయే. 30 మైక్రాన్లు దాటిన వెంట్రుక ఒంటికి గుచ్చుకోవడం మొదలుపెడుతుంది.

చిక్కంతా ఒకే జంతువు మీద సన్నవీ ముతకవీ కలగలిసి ఉండటంలో ఉంది. వీపు మీదా, పక్కల పైభాగంలోనూ ఉన్ని చాలా సన్నం. పొట్టకూ, రొమ్ముకూ, తొడల వెనక్కూ వెళ్లేకొద్దీ ముతకబారుతుంది. సన్నటి వాటి మధ్యలో నిటారుగా, దళసరిగా పెరిగే వెంట్రుకలుంటాయి, వాటిని గార్డ్ హెయిర్ అంటారు. అవి ఒంటి అంచుల్లో దండిగా ఉంటాయి. మెడ వెనక నుంచి తోక దాకా, ఇరుపక్కలా పొట్ట అంచు వరకు పరుచుకున్న మేలైన భాగాన్ని బ్లాంకెట్ అంటారు. పోటీకి వెళ్లేది అదే. మెడ, కాళ్లు, పొట్ట మీది ఉన్ని వేరే సంచుల్లోకి పోతుంది.

పని కత్తెర పట్టిన రోజున మొదలవదు. అంతకు ముందు ఏడాదంతా ఆ ఉన్ని ఎక్కడ పొర్లిందో, ఏ ముళ్లకంపలో దూరిందో అదంతా లెక్కకొస్తుంది. ఆల్పాకాకు దుమ్ములో పొర్లడం మహా సరదా. పైగా దాని ఉన్నిలో గొర్రె ఉన్నిలో ఉండే జిడ్డు దాదాపు ఉండదు. అందుకే దుమ్ము అంటుకుని గడ్డకట్టదు, దులిపితే చాలావరకు రాలిపోతుంది. గడ్డిపోచలూ పల్లేరుకాయలూ అలా రాలవు. తెలిసిన పెంపకందారు మేత తొట్టిని తలకన్నా ఎత్తులో పెట్టడు, మెడ మీదా వీపు మీదా గడ్డి రాలుతుందని. తొలిసారి కత్తిరించే పిల్లల ఉన్ని అన్నిటికన్నా సన్నం, చెత్త పట్టడంలోనూ అదే ముందు. తల్లి కడుపులో మొదలైన ఆ కొసలు ఎండు గడ్డిముక్కల్ని పట్టుకుంటే ఓ పట్టాన వదలవు. తిండి ఎక్కువైనా ఇబ్బందే, బాగా మేపితే వెంట్రుక లావెక్కుతుంది.

కత్తిరింపు ఏడాదికోసారి, వేసవి ముంగిట. ఉన్ని ఎండి ఉండాలి. తడి ఉన్నిని సంచిలో కట్టారో, బూజు పట్టడం ఖాయం. అందుకే వాన సూచన ఉంటే ముందురోజు రాత్రే మందను కొట్టంలోకి తోలతారు. వరుసకూ పద్ధతుంది: ముందు తెల్లవి, తర్వాత లేత రంగులవి, చివర్లో నల్లవి. తెల్ల ఉన్నిలో నాలుగు నల్ల వెంట్రుకలు పడ్డా జడ్జి కంటికి ఇట్టే దొరుకుతాయి. జంతువును చాప మీద పడుకోబెట్టి, ముందు కాళ్లూ వెనక కాళ్లూ తాళ్లతో చాపి పట్టుకుంటారు. ఒకరు తల పట్టుకుంటారు. కరెంటు కత్తెర పట్టినవాడు చర్మానికి ఆనించి పొడుగాటి పట్టీలుగా పొట్ట అంచు నుంచి వెన్నెముక వైపు సాగుతాడు.

కత్తెర పట్టినవాడి పనితనం చేతి వేగంలో కంటే వెనక్కు తిరగని చేతిలో కనిపిస్తుంది. ఒక పట్టీ తీశాక చర్మం మీద కాస్త ఉన్ని మిగిలిందనిపిస్తే, నునుపు చేద్దామని కత్తెర మళ్లీ అక్కడ ఆడించాలనిపిస్తుంది. ఆడిస్తే అర అంగుళం ముక్కలు తెగి పొడుగాటి ఉన్నిలో కలిసిపోతాయి. వీటిని సెకండ్ కట్స్ అంటారు. అవి వడికేటప్పుడు దారంలో ఉండలుగా తేలతాయి, పోటీలో మార్కులు తింటాయి. అందుకే మంచి పనివాడు జంతువు ఒంటి మీద గట్లు గట్లుగా చారలు మిగిల్చేస్తాడు. లేచి నిలబడ్డ ఆల్పాకా చూడటానికి అసహ్యంగా ఉంటుంది. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ! కొన్నాళ్లకు ఆ చారలు కలిసిపోతాయి, సంచిలోకి పోయిన ఉన్ని మాత్రం ఏడాదిపాటు అలాగే ఉంటుంది.

ఇప్పుడు మరో ఇబ్బంది. గొర్రె ఉన్నిలోని జిడ్డు దాన్ని ఒకే పరుపులా పట్టి ఉంచుతుంది. ఎత్తి విసిరితే బల్ల మీద చెక్కుచెదరకుండా పరుచుకుంటుంది. జిడ్డు లేని ఆల్పాకా ఉన్నికి ఆ ఓపిక లేదు, ఎత్తితే విడిపోతుంది. సూరీ ఉన్ని మరీనూ, పాయలు ఒకదాని మీంచి ఒకటి జారిపోతుంటాయి. అందుకని బ్లాంకెట్‌ను ఒంటి మీద ఉన్న అమరికలోనే పలచటి ప్లాస్టిక్ షీటు మీదకు జరిపి, షీటుతో సహా చుట్టేస్తారు. ఆ చుట్టను వాళ్లు నూడుల్ అంటారు. తర్వాత ఎప్పుడు విప్పినా భుజం భుజం దగ్గరే, నడుము నడుము దగ్గరే ఉండాలి. ఈ చుట్టడం సరిగా రాని చోట మిగతా పనంతా చీకట్లో చేసినట్టే. ఏ ముక్క అంచుదో ఏది నడిమిదో తెలియకపోతే ఏది తీయాలో ఎలా తెలుస్తుంది?

అసలు పని స్కర్టింగ్ బల్ల దగ్గర. స్కర్టింగ్ అంటే అంచుల్లోని ముతకను తీసేయడం. బల్లంటే చెక్క బల్ల కాదు, చట్రానికి బిగించిన వల. దాని కన్నాల్లోంచి దుమ్మూ, కురచ ముక్కలూ కిందికి రాలిపోవాలి. వెలుతురు బాగా ఉండాలి. ముందు నూడుల్‌ను కోత వైపు పైకి వచ్చేలా విప్పుతారు. ఆల్పాకా ఉన్ని అందమంతా ఆ వైపునే ఉంది. కొసలు ఎండకూ దుమ్ముకూ వెలిసిపోయి ఉంటాయి గానీ, చర్మాన్ని ఆనుకుని పెరిగిన భాగం మెరుస్తూ బయటపడుతుంది. సెకండ్ కట్స్ కూడా ఈ వైపునే తేలి కనిపిస్తాయి. వాటిని వేళ్లతో ఏరి, మెల్లగా తట్టి రాలుస్తారు. తర్వాత అంచుల వెంట నడక మొదలవుతుంది.

చాటలో బియ్యం ఏరేటప్పుడు రాయి రాయే, గింజ గింజే. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. నడిమి నుంచి అంచుకు వెళ్లేకొద్దీ ఉన్ని కొంచెం కొంచెంగా ముతకబారుతుందే తప్ప, ఇక్కడితో మంచిది అయిపోయిందని గీత ఎక్కడా ఉండదు. ఆ గీత ఎక్కడుందో వేళ్లే తేల్చాలి. నడిమి నుంచి ఓ పాయ, అంచు నుంచి ఓ పాయ తీసి పక్కపక్కన పెట్టి చూస్తారు. తెల్ల ఉన్నికి నల్ల గుడ్డ, నల్ల ఉన్నికి తెల్ల గుడ్డ వేస్తే నిటారుగా నిలిచే ముతక వెంట్రుకలు పట్టుబడతాయి. అలలు సాగిపోయి కనబడుతున్నాయా, పొడవు హఠాత్తుగా మారిందా, మెరుపు చచ్చిందా అని చూస్తారు. తేలకపోతే చెంపకు ఆనించుకుంటారు. వేళ్లు పనిచేసి పనిచేసి మొద్దుబారతాయి, చెంప అబద్ధం చెప్పదు.

ఇక్కడే చేతులు రెండు రకాలుగా తేలిపోతాయి. కొత్తవాళ్లు పిసినారులు. ఇంత మంచి ఉన్ని ఎలా పారేస్తామని అంచు వదల్లేరు, జడ్జి చెయ్యేమో తిన్నగా ఆ అంచుకే వెళ్తుంది. కొంత అనుభవం వచ్చినవాళ్లు ఇంకో చివరకు పోతారు. భయం కొద్దీ తీసి తీసి, చివరికి సన్నగా ఒకే తీరుగా ఉన్నా బరువు లేని పీలిక మిగుల్చుకుంటారు. నా మట్టుకు నాకు ఈ రెండో తప్పే కాస్త గౌరవం ఉన్నదనిపిస్తుంది, అయినా తప్పు తప్పే. నిజమైన పనివాళ్లు ముందు పల్చగా ఓ వరుస తీసి, దూరం జరిగి, మొత్తాన్ని ఓసారి చూసి, మళ్లీ కావాల్సిన చోటే ఇంకొంచెం తీస్తారు. కొన్ని ఉన్నులకు నాలుగు వేళ్ల అంచు చాలు, కొన్నింటికి జానెడు పోవాలి. ఒకే మందలో అక్కాచెల్లెళ్ల ఉన్నికైనా ఒకే కొలత పనికిరాదు.

అంచుల పని అయ్యాక ఉన్నిని జాగ్రత్తగా తిప్పి, కొస వైపు పైకి తెచ్చి గడ్డిపోచలు ఏరుతారు. ఒక్కో పోచనూ పట్టుకుని, పాయను చెదరగొట్టకుండా, కొస దిక్కుగా లాగాలి. అడ్డంగా లాగితే అలల వరుస చెడిపోతుంది, చెడినది మళ్లీ కూడదు. సూరీలోనైతే పాయ మెలిక విడిపోతుంది. కొన్ని పోచలు వదిలేయడమే మేలని తెలియడం కూడా ఈ విద్యలో భాగమే. చిన్న గడ్డిముక్క ఉంటే పోయే మార్కు కొంచెం, దాని కోసం గెలికి పాడుచేసుకుంటే పోయేది చాలా ఎక్కువ. మూడు నాలుగు గంటలు బల్ల దగ్గర నిలబడి చేసే పనిలో సగం ఇలా చెయ్యి వెనక్కి తీసుకోవడమే.

తర్వాతి పనులు త్వరగా తెములుతాయి. ఉన్నిని మళ్లీ చుట్టి, నొక్కకుండా పారదర్శకమైన సంచిలో పెడతారు. చీటీ మీద కత్తిరించిన తేదీ, అంతకు ముందు కత్తిరించిన తేదీ రాస్తారు. బరువుకు మార్కులు వేసేటప్పుడు ఎన్నాళ్ల పెరుగుదలో చూసి ఏడాది లెక్కకు సరిచేస్తారు కాబట్టి, పద్నాలుగు నెలలు పెంచి బరువు చూపించుకునే ఎత్తు పారదు.

జడ్జి బల్ల దగ్గర జరిగేది దీనికి అద్దం పట్టినట్టే ఉంటుంది. భుజం దగ్గర ఒకచోట, నడిమి పక్కన ఒకచోట, తొడ వైపు ఒకచోట విప్పి చూస్తారు. ఒక పాయను రెండు చేతులా పట్టి చెవి దగ్గర గట్టిగా లాగుతారు. గట్టి ఉన్నయితే టింగుమంటుంది, చిరుగుతున్న చప్పుడు వస్తే ఆ ఏడాదిలో జంతువు జబ్బు పడిందో, ఈతకు నలిగిందో అని అర్థం. అది ఏ చేతి పనితనమూ కప్పిపుచ్చలేనిది. అమెరికా సంఘం జరిపే ఇంకో పోటీలోనైతే జడ్జి ఉన్నిని స్వయంగా రాట్నం మీద వడికి చూసి మార్కులు వేస్తారు. బల్ల దగ్గర వదిలేసిన ముతక, ఏరకుండా ఉంచిన ముక్కా అన్నీ దారంలో లెక్కకు వస్తాయి.

ఇదే ఉన్ని పెరూలో అరెకిపా నగరానికి చేరితే దాని గతి వేరు. అక్కడి మిల్లుల్లో ఎక్కువగా ఆడవాళ్లే ఉన్ని ముందు కూర్చుని, ఒక్కో బ్లాంకెట్‌నూ చేత్తోనే ముక్కలు చేసి, సన్నదనాన్ని బట్టి రకాలుగా విడగొడతారు. పోటీకి పంపేవాళ్లు చెదరకుండా కాపాడుకునే అమరిక వాళ్లకు అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది గీతలు, అదీ ఒకటి కాదు, నాలుగైదు. కంటికి ఒకేలా ఉన్న ఉన్నిలో రెండు మూడు మైక్రాన్ల తేడాను వేలి కొసతో పట్టి, ఆలోచించినట్టు కూడా కనిపించకుండా వేరు వేరు కుప్పల్లోకి విసురుతారు. వాళ్లలో ఒకామెను తీసుకొచ్చి పోటీ బల్ల దగ్గర జడ్జిగా నిలబెడితే, ట్రోఫీలు ఇంట్లో వరుసగా పెట్టుకున్న పెద్ద పెద్ద మందల వాళ్లకు కూడా కాస్త చెమటలు పడతాయని నా అనుమానం.