గుప్పెడంత ఇంటికి

గుప్పెడంత ఇల్లా, నీకు నమస్కారం.

నీ గుమ్మం నాలుగు సెంటీమీటర్లయినా లేదు. పక్కన నిలబెట్టిన సిపాయి బొమ్మ 28 మిల్లీమీటర్లు; ఆ కొలతకే నీ గోడలు, నీ కిటికీలు, నీ మేడమెట్లు తెగాయి. నీది స్పెయిన్. 1808 నుంచి 1814 దాకా అక్కడ నెపోలియన్ సేనలతో సాగిన యుద్ధాన్ని బల్లమీద, పాచికలతో, కొలబద్దతో మళ్లీ నడిపించేవాళ్లున్నారు. వాళ్లకు ఊరు కావాలి. ఊరికి ఇళ్లు కావాలి. అందుకే పుట్టావు. ఒంటిమీద రంగు లేకుండా, ఎండీఎఫ్ పలకలుగానో రెజిన్ పోతగానో చేతికి వచ్చావు. నిన్ను ఇల్లుగా మార్చేది కుంచె. ఆ కుంచెకీ నమస్కారం.

రాయచూరు ఎండలో నీకు రంగు వేయడం ఒక వరం. ఇక్కడ పూత పూసిన చేయి పక్కకు తీసేలోపే ఆరిపోతుంది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య, గోడమీద పడ్డ మధ్యాహ్నం ఎంత తెల్లగా మండుతుందో, చూరు కింద నీడ ఎంత గట్టిగా గీత గీసినట్టు నిలుస్తుందో తెలిసినవాళ్లకు స్పెయిన్ ఎండ పరాయిది కాదు.

ముందు ఫెవికాల్‌లో సన్నటి ఇసుక కలిపి గోడకు పూయాలి. అప్పుడు గరుకు వస్తుంది, గారకు ప్రాణం వస్తుంది. దానిమీద ముదురు గోధుమ. తర్వాత మీగడ రంగు. కుంచెను గుడ్డకు తుడిచి, రంగు ఇక ఉందా లేదా అనిపించినప్పుడు, గరుకు అంచులమీద మాత్రం తాకించే తెలుపు చివరిది. గోడ ఒక్కసారిగా తెల్లబడదు. ఏళ్ల తరబడి సున్నం మీద సున్నం పడ్డట్టు లోపలి నుంచి తెల్లబడుతుంది.

స్పెయిన్ ఇల్లనగానే ప్రతి గోడకూ ఒకే తెలుపు పులిమేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ వెలుగులీనే సున్నం దక్షిణాన అండలూసియాది. ఉత్తరాన కాస్తీల్ పల్లెల్లో పచ్చి ఇటుక, మట్టి, రాయి. సలమాంకా కట్టడాల రాయైతే బంగారు పసుపు. మధ్యలో లా మాంచా ఉంది. అక్కడ తెల్లగోడ అడుగున నీలిరంగు పట్టీ వేస్తారు. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి పండక్కి గోడలు వెల్ల వేసిన మన అమ్మమ్మలు ఆ వీధిలో నడిస్తే, గోడను చేత్తో తాకి చూడకుండా ముందుకు కదలరు. ఆ నీలిపట్టీ దిద్దేటప్పుడు నా ఊపిరి దానంతటదే ఆగుతుంది.

ఇక పెంకులు. ఓ గూనపెంకూ, నీకు రెండు నమస్కారాలు! ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా, నీళ్లు జారే దారి వదులుతూ పేర్చిన ఈ కప్పు స్పెయిన్‌లోనూ ఉంది, తెలుగు పల్లెలోనూ ఉంది. ఆవంలో ఏ రెండు పెంకులూ ఒకేలా కాలవు. ఒకదానికి మంట ఎక్కువ తగిలి నల్లబారుతుంది, ఒకటి గులాబీ రంగులో ఆగిపోతుంది. కాబట్టి ఒక్క ఎరుపు చాలదు. పెంకు పెంకుకూ చాయ మార్చి, నల్లగోధుమ నీళ్లను సందుల్లోకి పారించి, అవి వాటంతటవి దారి వెతుక్కుంటుంటే చూస్తూ కూర్చోవాలి. ఈ పనిలో ఇంతకు మించిన సుఖం నాకు తెలియదు.

అప్పుడు మొదలవుతుంది అసలు పూజ. వంటింటి పొగగూటి పైన మసి. చూరు నీళ్లు కారిన చార. గోడ అడుగున వానకు చిందిన బురద. తలుపు గొళ్లెం దగ్గర, చేతులు తాకి తాకి రంగు పోయిన చోటు. ఆటలో వీటికి ఒక్క పాయింటు కూడా రాదు. గోడ ఎంత మందం, లోపల ఎంతమంది సిపాయిలు పడతారు, ఇవే ఆటకు కావలసిన లెక్కలు. కానీ గొళ్లెం దగ్గర రంగు పోయిందంటే ఆ తలుపు తీసినవాళ్లు ఉన్నారు. మసి పట్టిందంటే అన్నం వండినవాళ్లు ఉన్నారు. యుద్ధానికి ముందే ఇల్లు ఉంది. కుంచె పట్టినవాడు ఆ ముందు కాలానికి రంగు వేస్తున్నాడు.

1811 మే నెలలో ఫువెంతెస్ దె ఒన్యోరో అనే చిన్న ఊళ్లో ఇంటింటికీ, సందుసందుకూ పోరు జరిగింది. ఊరు ఫ్రెంచివాళ్ల చేతికీ బ్రిటిష్‌వాళ్ల చేతికీ మారుతూ పోయింది. ఆ రాతిగోడలను ఇవాళ ఎన్నో బల్లలమీద కడుతున్నారు. అక్కడ బ్రిటిష్ సేనలను నడిపినవాడు వెల్లింగ్టన్. ఆయనకు ఆ బిరుదు రాకముందు, ఆర్థర్ వెల్లెస్లీగా, 1800 సెప్టెంబరు 10న మన కృష్ణా-తుంగభద్రల దోఅబ్‌లోనే, కోనగల్ దగ్గర, నాలుగు గుర్రపు దళాలను ఒకే వరుసలో ఉరికించి తిరుగుబాటు నాయకుడు ధోండియా వాఘ్‌ను ఓడించాడు. ధోండియా ఆ పోరులోనే చనిపోయాడు. సామాన్ల మధ్య దొరికిన అతని చిన్న కొడుకు సలాబత్ ఖాన్‌ను వెల్లెస్లీ తన డేరాకు తీసుకెళ్లి, పెంపకానికి డబ్బు ఏర్పాటు చేశాడు. ఆ కథను గుర్రాలతో మొదలుపెట్టి పసివాడితో ముగిస్తారు. కోనగల్ మట్టిమిద్దెల గోడ రంగు ఏమిటో అడిగేవాళ్లు కావాలి. స్పెయిన్ ఇంటికి దక్కిన కుంచె మన మిద్దెకూ దక్కాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే, గొంతెత్తి చెబుతాను.

ఈ నేలకు కుంచె పడ్డ బాకీ పాతది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు, గోడ రాళ్లు పీకి తెచ్చినవాళ్లకు రాయి సైజును బట్టి డబ్బిచ్చారని పోర్చుగీసు రచయిత నూనిజ్ రాశాడు. కోటమీది కాపలావాళ్లను తుపాకులతో కొట్టి ఆ పనికి దారి ఇచ్చింది క్రిస్తోవావ్ ద ఫిగైరెదు, అతని వెంట వచ్చిన పోర్చుగీసులు. అంటే స్పెయిన్ పొరుగువాళ్లు నెపోలియన్ యుద్ధానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందే మన గోడ దగ్గరికి వచ్చారు. ఆ ముట్టడిని బల్లమీద కట్టేవాడికి పని ఎంత! ఊడిన రాయి వెనక బయటపడ్డ లోపలి రాయికి ఎండ తగలలేదు కాబట్టి దాని రంగే వేరు. దానికి మరో బూడిద కలపాలి, కాస్త గులాబీ చుక్కతో.

అదే కోటలో 41 అడుగులకు పైగా పొడవున్న ఒక్క రాయి ఉంది. దానిమీద 1294 నాటి తెలుగు శాసనం, కోట కట్టించిన విఠలనాథుడి కథ. దగ్గరలోనే ఆ రాయిని బండిమీదికెక్కించి వరుసగా కట్టిన దున్నలతో లాగించుకొస్తున్న బొమ్మ గీశారు. మహా రాతిని గోరంత చేసి రాతిమీదే నిలిపిన ఆ శిల్పికి నా దండాలు. పెద్ద కట్టడాన్ని చిన్నదిగా చేయాలన్న కోరిక మనకు ఏ దేశంనుంచో దిగుమతి కాలేదు.

కుంచె కూడా అంతే. 1997 దాకా రాయచూరు జిల్లాలోనే ఉన్న కిన్నాళలో చిత్రగార కుటుంబాలు తేలికైన చెక్క చెక్కి, రంపపు పొట్టునూ చింతగింజల జిగురునూ కలిపి అతుకులు పూడ్చి, పైన రంగులద్దుతాయి. గరుడుడి రెక్క అంచున వాళ్ల కుంచె తిరిగే తీరు ఒకసారి చూసినవాడికి సన్నగీత అంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేదు.

కాబట్టి, స్పెయిన్ ఇల్లా, నీ నీలిపట్టీ ఆరేలోపు నీ పక్కన నీ చెల్లెల్ని కడుతున్నాను. కోనగల్ మట్టిమిద్దె. ఫోమ్ బోర్డు గోడలు, అగ్గిపుల్లల దూలాలు, చదునైన కప్పు, అరుగు. గోడ అడుగున ఎర్రమన్ను పట్టీ. కప్పుకు నల్లరేగడి మీద బూడిద. గుమ్మానికి పసుపు, రెండు కుంకుమ చుక్కలు. వాటికి సున్నా నంబరు కుంచె కూడా లావే, ట్రిపుల్ జీరో కావాలి. గొళ్లెం దగ్గర మాత్రం నీకు వేసిన రంగే వేస్తాను.